పుట్టడమూ చావడమూ నిషేధం

పుట్టినవాణ్ని లెక్కలో కలపాలి, పోయినవాణ్ని కొట్టేయాలి. ఏ ప్రభుత్వానికైనా ఇది తెమలని పని. ఈజియన్ సముద్రంలో మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని డెలోస్ దీవి విషయంలో ఎథెన్స్ వారు ఈ రెండు పద్దులనూ క్రీ.పూ. 426 చలికాలంలో ఒకే ఉత్తర్వుతో మూసేశారు. ఇకమీదట అక్కడ ఎవరూ పుట్టరాదు, ఎవరూ చావరాదు.

కారణం సబబైనదే. క్రీ.పూ. 430లో మొదలైన మహమ్మారి ఎథెన్స్‌ని ఊడ్చేసింది. గ్రీకు దేవుడు అపోలోకి కోపం వచ్చిందన్నారు. అపోలో పుట్టింది డెలోస్‌లో. కాబట్టి రోగం ఎథెన్స్‌కి, శుద్ధి డెలోస్‌కి.

పని మొదట సమాధులతో మొదలవ్వాలి. వందేళ్ల కిందటే ఎథెన్స్ ఏలిక పైసిస్ట్రాటస్ ఈ పని చేయించాడు గానీ, గుడి దగ్గర్నుంచి కంటికి కనబడే మేరకే తవ్వించాడు. కనబడని మైల మైల కాదనుకున్నాడు కాబోలు. ఈసారి ఒక్కటీ వదల్లేదు. ఎముకలు, వాటి పక్కన పెట్టిన కుండలు, అన్నీ పడవల్లో ఎదుటి రెనియా దీవికి చేర్చి గోతిలో పోశారు. తవ్వినవాటిలో సగానికి పైగా కేరియా (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) వాళ్లవని ఆయుధాల తీరు, పాతిన తీరు బట్టి పోల్చుకున్నారని ఆ కాలపు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాశాడు. ఆ గోతిని 1898లో తవ్వితే దొరికిన కుండలకి ఇప్పుడు పక్కనున్న మైకొనోస్ దీవిలో మ్యూజియం ఉంది.

ఇక బతికున్నవాళ్లు. నెలలు నిండినావిడనీ, కొనఊపిరితో ఉన్నవాణ్నీ రెనియాకి దాటించాలి. దూరం ఎంతో కాదు. సేమోస్ దీవి ఏలిక పాలిక్రటీస్ ఒకప్పుడు రెనియాని గొలుసుతో డెలోస్‌కి కట్టి మరీ అపోలోకి సమర్పించాడు. చిక్కల్లా వేసవి ఉత్తరపు గాలితోనే. అది లేచిందంటే చిన్న పడవ కదలదు, నొప్పులేమో ఆగవు. ఉత్తర్వు జనానికే గానీ గాలికి కాదు కదా!

"మీలో ఎవరూ పుట్టని, ఇకమీదట పుట్టబోని చోటు మీ సొంతూరు ఎలా అయింది?" అని ఒక స్పార్టా వాడు డెలోస్ వాళ్లని అడిగాడట. తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన మాట ఇది. ఎథెన్స్ వారికీ అదే సందేహం వచ్చినట్టుంది. సమాధులు పోయినా మైల పోలేదని క్రీ.పూ. 422లో ఊళ్లోవాళ్లనే వెళ్లగొట్టారు. మరుసటి ఏడు, స్పార్టాతో యుద్ధంలో దెబ్బలు తిన్నాక, డెల్ఫీలోని అపోలో గుడి వాణి చెప్పిందని మళ్లీ పిలిపించారు. ఎథెన్స్ నడిపిన గ్రీకు నగరాల కూటమి డెలోస్‌లో దాచుకున్న ఖజానా సంగతి అడక్కండి. దాన్ని క్రీ.పూ. 454లోనే ఎథెన్స్‌కి తరలించేశారు, డబ్బుకి మైల అంటకుండా.

తర్వాత రోమ్ దీన్ని సుంకాల్లేని రేవుగా చేసింది. ఒక్కరోజులో పదివేలమంది బానిసలని దించి, అమ్మి, పంపగల సత్తా ఈ రేవుకి ఉండేదని భూగోళ రచయిత స్ట్రాబో మాట. మనిషి పుడితే మైల, చస్తే మైల, అమ్ముడుపోతే మాత్రం దేవుడికి అభ్యంతరం లేదు. క్రీ.పూ. 88లో రోమ్‌తో యుద్ధానికి దిగిన పాంటస్ రాజు మిథ్రిడాటీస్ సేనలు వచ్చి వేలమందిని నరికాయి. వాళ్లని ముందుగా రెనియాకి దాటించాలన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు అక్కడ కాపలావాళ్లూ, తవ్వకాల వాళ్లే ఉంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు రాత్రి ఉండకూడదు, ఆఖరి పడవ ఎక్కాల్సిందే.