స్టేషియాకి ఒక్క పూట ఏం సరిపోతుంది?
సింట్ యుస్టేషియస్‌లో (కరీబియన్ సముద్రంలో చిన్న డచ్ దీవి, అక్కడివాళ్లకి స్టేషియా) చూడ్డానికి పెద్దగా ఏం లేదు, పక్క దీవి సెయింట్ కిట్స్ వెళ్తూ ఒక పూట ఆగితే చాలు అన్న మాటతో నాకు పేచీ ఉంది. మేం ఫ్రెండ్ తెరచాప పడవలో వెళ్లి రెండు రాత్రులు లంగరేశాం. అలల ఊపుకి టీ గ్లాసు నిలబడలేదు, నిద్రా లేదు, అది నిజమే. కానీ ఒడ్డు పొడుగునా నీళ్లలోకి ఒరిగిన ఆ మొండిగోడలు 18వ శతాబ్దపు గిడ్డంగులవి! అక్కణ్నుంచి రాళ్లు పరిచిన పాత బానిసల దారిలో పైకెక్కితే ఫోర్ట్ ఒరాన్యే కోట. 1776 నవంబర్ 16న అమెరికా జెండాతో వచ్చిన ఆండ్రూ డోరియా ఓడకి ఈ కోట ఫిరంగులే జవాబు వందనం చేశాయి. 1781లో బ్రిటిష్ అడ్మిరల్ రోడ్నీ దీవిని పట్టుకున్నాక కూడా డచ్ జెండా దించకుండా ఉంచి, సంగతి తెలియక వచ్చిన ఓడల్ని పట్టేసుకున్నాడు. కోటగోడ దగ్గర నిలబడి రేవుని చూస్తుంటే మాకు మధ్యాహ్నం భోజనం సంగతే గుర్తు రాలేదు.