మహారాజశ్రీ ‘పెద్దయితే అదే పోతుంది’ గారికి

అయ్యా,

నల్లగొండ నుంచి 20 నెలల పిల్లవాడి తల్లి నమస్కరించి రాసుకునే విన్నపాలు. ఇక్కడ అందరం క్షేమం, మా వాడి మెడ తప్ప. మీ క్షేమం అడగనక్కరలేదు. నిన్న సాయంత్రం కూడా మా గుమ్మంలో మీ గొంతు వినబడింది. ఈసారి పాలు పోయడానికి వచ్చిన ఆవిడ నోట వెలువడ్డారు.

మన పరిచయం వాడు పుట్టిన మూడో వారం నాటిది. స్నానం చేయిస్తుంటే మెడకు కుడివైపున రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. తల కుడి భుజం మీదకు వాలి, గడ్డం ఎడమకు తిరిగి ఉండేది, ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు. నేను హడలిపోయాను. మా అత్తమ్మ మాత్రం మిమ్మల్ని పిలిచి పీట వేశారు. నాలుగు నెలలు మీరు ఆ పీట దిగలేదు. చిత్రం ఏమిటంటే, ఆ గడ్డ నిజంగానే కరిగిపోయింది! ఇంటిల్లిపాదీ మీకు హారతి పట్టారు. గడ్డ పోయినా మెడ కండరం పొట్టిగానే మిగిలిందని మాకు తెలియదు. మీకు తెలిసినా చెప్పే అలవాటు లేదు.

ఐదో నెలలో జలుబుకు మందు రాయించుకుందామని వెళ్తే, డాక్టరమ్మ ముక్కు వదిలేసి మెడ పట్టుకున్నారు. చెవి వెనక ఎముక నుంచి ఛాతీ ఎముకకూ కాలర్ ఎముకకూ దిగే కండరం ఒకటుంటుందని, కుడివైపు అది బిగుసుకుపోయిందని, దీన్ని టార్టికోలిస్ అంటారని చెప్పారు. మొదటి నెలల్లోనే సాగదీయడం మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలకు ఏడాది తిరిగేలోగా సరిపోతుందట. “ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదు?” అని అడిగారు. మీ పేరు చెప్పడానికి సిగ్గేసి, ఊళ్లో లేమని అబద్ధమాడాను. ఎప్పుడూ ఎడమకే తిరిగి పడుకోవడం వల్ల తల వెనక ఎడమ భాగం చదును కావడం కూడా ఆ రోజే చూశాం. దాన్నీ మీరు అప్పటికే ‘జుట్టు వస్తే కనబడదు’ అనే మీ తమ్ముడికి అప్పగించి ఉన్నారు.

మా వాడు ఎదురుకాళ్లతో పుట్టినవాడు. ఆపరేషన్ చేసి తీసినా కాళ్లే ముందు వచ్చాయని వీధి వీధంతా తెలుసు. ఎదురుకాళ్ల వాళ్ల చేత తొక్కించుకుంటే పట్టిన నడుము వదులుతుందని మనవాళ్ల నమ్మకం కదా, వాడు నడక నేర్చిన నాటి నుంచి మా వరండాలో పెద్దవాళ్లు బోర్లా పడుకుని ఉంటారు. వాడు మెడ వంకరగా పెట్టుకుని వాళ్ల నడుములు సరిచేస్తుంటాడు. కడుపులో అలా ఎదురు తిరిగి ఉన్న పిల్లల్లో ఈ మెడ సమస్య ఎక్కువగా కనబడుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అలాంటి పిల్లలకు తుంటి కీళ్లు కూడా చూడాలని స్కాన్ చేయించారు. అవి బాగున్నాయి. వరండా వైద్యం కొనసాగుతోంది.

ఇప్పుడు మెడ రెండువైపులా పూర్తిగా తిరుగుతుంది. అయినా నిద్ర వచ్చినా, జ్వరం తగిలినా, పన్ను మొలుస్తున్నా తల మళ్లీ కుడికి వాలుతుంది. కండరం సాగింది గానీ ఎడమవైపుది బలం పుంజుకోలేదు, వాలి ఉండటమే నిటారు అని వాడికి అలవాటైపోయింది అంటారు ఫిజియోథెరపిస్టు. ఐదు నెలల పిల్లవాడి మెడ సాగదీయడం ఒక ఎత్తు. 20 నెలల వాణ్ణి పట్టుకుని సాగదీయబోవడం చెరువులో కొరమీనును చేత్తో పట్టుకోవడమే. అందుకని ఆట కనిపెట్టాం. ఒళ్లో కూర్చోబెట్టుకుని నా మోకాళ్లను నెమ్మదిగా కుడికి వాలుస్తాను. పడిపోకుండా వాడి తల ఎడమకు లేస్తుంది, ఎడమ కండరానికి పని పడుతుంది. దీనికి ఏనుగు సవారీ అని పేరు. మా వీధి గుంతల్లో ఆటో కుడికి ఒరిగినప్పుడల్లా ఇదే వ్యాయామం ఉచితంగా జరిగిపోతోంది. అన్నం ముద్ద కుడివైపు నుంచే పెట్టాలి, బొమ్మ కుడివైపే ఉండాలి. పిల్లి వచ్చి ఎడమ గోడ మీద కూర్చుంటే అదిలించి కుడి గోడ మీదకు పంపేది ఎవరనుకున్నారు? మీకు పీట వేసిన మా అత్తమ్మే.

ఇంతకాలం గడిచినా వాలు పోలేదని మెడకు ఎక్స్‌రే తీశారు, కంటి డాక్టరుకు చూపించమన్నారు. మెడకూ కంటికీ ఏం సంబంధమని మీరు నవ్వారు, నేనూ నవ్వాను. కంటిని తిప్పే కండరం ఒకటి బలహీనపడితే ఒక వస్తువు రెండుగా కనబడుతుందట. పిల్లలు తల వంచి దాన్ని ఒకటి చేసుకుంటారట. అలాంటి బిడ్డకు మెడ సాగదీస్తూ కూర్చుంటే ఎన్నేళ్లయినా లాభమేముంది? ఆ డాక్టరు వాడి కళ్లను ఒక్కొక్కటిగా మూసి చూశారు. ఏ కన్ను మూసినా వాలు వాలే. పాత ఫోటోలన్నీ తెమ్మని వరుసగా పరిచారు. అన్నప్రాశన ఫోటోలో మాత్రం వాడి తల నిటారుగా ఉంది, మేమందరం ఒరిగిపోయి ఉన్నాం. ఫోటోగ్రాఫరు మహానుభావుడు కెమెరానే వంచాడు! కళ్లు బాగున్నాయి, ఎముకలు బాగున్నాయి. మళ్లీ ఏనుగు సవారీయే గతి.

ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో శుభ్రం చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. బయటి దేశాల పుస్తకాల్లో కూడా ఉంటుంది. అందులోనూ ఎవరో ఒకరు పటిక కొలవాలి, నీళ్లు కలపాలి, అడుగున పేరుకున్న మడ్డి తీసి పారబోయాలి. కుండ ముందు కూర్చుని “అదే తేరుకుంటుంది” అంటే ఫ్లోరైడ్ కదలదు. ఏ కొలతా ఏ కలపడమూ లేని రెండో నల్లగొండ టెక్నిక్‌కు మీరే కర్త. అన్నట్టు, మా వాడి మెడ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే వంగిందని మా దూరపు బంధువు ఒకాయన తేల్చేశారు. ఆ నీళ్లు ఎముకలను వంచడానికి ఏళ్లు పడుతుంది, వీడు మూడు వారాలకే వంచుకున్నాడు అంటే ఆయన వినలేదు.

నాకు మీ మీద పగ లేదు. ఎదురింటి పాపకు మీరన్నట్టే పోయింది. వాళ్లమ్మ రోజుకు ఐదుసార్లు మెడ సాగదీసేదని మాత్రం మీరు ఎక్కడా చెప్పరు. పని ఆవిడది, పేరు మీది.

ఒక్కటే కోరిక. బాగానే ఉన్న పిల్లవాడికి ఉన్నట్టుండి మెడ వాలితే, దానికి తోడు వాంతులో తూలే నడకో ఉంటే, ఆ ఇంటికి మాత్రం వెళ్లకండి. వాళ్లను ఆ రోజే ఆసుపత్రికి పోనివ్వండి. మా ఇంటికి రోజూ రండి, అలవాటైపోయారు.

మొన్న ఆదివారం పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ కదలదు. అది ఏ స్తంభం నీడో కనిపెట్టాలని వచ్చిన వాళ్లంతా తలలు పక్కకు వాల్చి వెనక్కీ ముందుకీ చూస్తున్నారు. ఒక్క మెడా నిటారుగా లేదు. మా వాడు ఆ గుంపులో ఇట్టే కలిసిపోయాడు. అయినా మా వెనక ఒకావిడ వాణ్ణి చూసి జాలిగా మీ పేరు ఎత్తారు. అత్తమ్మ వినిపించుకోలేదు. వాణ్ణి చంకలో అడ్డంగా, కుడి పక్క కిందకు వచ్చేలా ఎత్తుకుని స్తంభాలు లెక్కపెడుతున్నారు.

ఇట్లు,
ఏనుగు