ఇసుక మీద ఊరంత పని, పటంలో మాత్రం ఖాళీ

తుపాను వస్తే గోపాలపూర్ పేరు టీవీల్లో మారుమోగుతుంది. తాబేళ్లు ఒడ్డెక్కితే రుషికుల్య ఫొటోలు పత్రికల్లో పడతాయి. పోర్టు చేతులు మారితే వ్యాపార పేజీలో వార్త వస్తుంది. ఈ మూడూ లేని రోజున ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. నిజానికి ఏడాదిలో ఎక్కువ భాగం అలాంటి రోజులే. అక్కడి తెలుగు మత్స్యకారుల బతుకు నడిచేది ఆ రోజుల్లోనే, సర్కారు నిర్ణయాల దెబ్బ తగిలేదీ ఆ రోజుల్లోనే.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే, బాహుదా నది సముద్రంలో కలిసే చోటు నుంచి రుషికుల్య కలిసే చోటు దాకా ఒడ్డు పొడవునా మనవాళ్ల ఊళ్లే. రామయ్యపట్నం, గోపాలపూర్, ఆర్జిపల్లి, పొడంపేట. వాడబలిజలు, జాలారులు. ఒడియావాళ్లు వీళ్లందర్నీ కలిపి నొలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. సరిహద్దు గీత మారింది గానీ ఒడ్డున ఉన్న మనుషులు ఉన్నచోటే ఉండిపోయారు. గోపాలపూర్ నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన కాలంలో కెరటాలు దాటించి సరుకునీ, కూలీలనీ ఓడ దాకా చేర్చింది ఈ పడవవాళ్లే. ఆ వ్యాపారం పోయింది, జెట్టీ శిథిలమైంది, ఓడలెక్కిన ధనికుల బంగళాలు హోటళ్లయ్యాయి. పడవవాళ్లు మాత్రం వేటకెళ్తూనే ఉన్నారు.

ఈ ఒడ్డు ఎలా పనిచేస్తుందో చూడాలంటే తెల్లారకముందే వెళ్లాలి. రాత్రి వేటకెళ్లిన ఫైబర్ పడవలు ఒక్కొక్కటిగా తిరిగొస్తుంటాయి. ఒడ్డు దగ్గరపడగానే పడవ నడిపించే తండేలు మోటారు తగ్గించి ఆగుతాడు. ఎదురుగా ఇసుక కనిపిస్తున్నా తొందరపడడు. వెనక నుంచి వచ్చే కెరటాల వరస చూసుకుంటాడు. పెద్దది పోనిచ్చి, దాని వీపు పట్టుకుని ఒక్క ఊపున ఇసుకలోకి దూసుకొస్తాడు. క్షణం అటూ ఇటూ అయితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది, వలా మోటారూ సముద్రం పాలవుతాయి. పడవ ఇసుకను తాకగానే ఒడ్డున ఉన్నవాళ్లంతా, ఎవరి పడవ అని చూడకుండా, భుజాలు ఆనించి హైలెస్సా అంటూ పైకి నెడతారు. ఈ సాయానికి కూలి ఉండదు. రేపు వాళ్ల పడవ వచ్చినప్పుడు వీళ్లు భుజం పెడతారు, అంతే.

అక్కడి నుంచి పని ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. వల దులుపుతుండగానే కవళ్లు ఒక పక్క, కానాగంతలు ఒక పక్క, సావళ్లు ఒక పక్క. వంజరం, చందువా దొరికితే నేరుగా ఐసు పెట్టెలోకి. వేలం పాట నిమిషాల్లో తేలిపోతుంది. పాడేది తెలుగులో, కొనే వ్యాపారి ఒడియాలో మాట్లాడతాడు, ఇద్దరికీ రెండూ అర్థమవుతాయి. డీజిలు, ఐసు ఖర్చులు తీసేశాక వచ్చింది పాళ్లు వేస్తారు. పడవకో పాలు, వలకో పాలు, మోటారుకో పాలు, మిగిలింది మనుషులకి. సావుకారు దగ్గర అప్పు ఉంటే పాట ఆయన ఇష్టప్రకారం పలుకుతుంది. ఆ చేపను తట్టల్లో సర్దుకుని ఆడవాళ్లు బరంపురం బయల్దేరతారు. గోపాలపూర్ నుంచి పదహారు కిలోమీటర్లు. నీళ్లు కారే తట్టతో బస్సెక్కనివ్వరు కాబట్టి నలుగురూ కలిసి ఆటో మాట్లాడుకోవాలి. ఎండ ముదిరేలోపు అమ్మలేకపోతే ఆ రోజు ఆటో కిరాయి కూడా గిట్టదు.

అమ్ముడు కానిది, అమ్మినా ధర రానిది ఉప్పు పట్టించి ఎండేస్తారు. నెత్తళ్లు మంచి ఎండ కాస్తే ఒక్క రోజులో గలగలమంటాయి. సావళ్లకి రెండు మూడు ఎండలు కావాలి, మధ్యలో తిరగెయ్యాలి. కాకులూ కుక్కలూ రాకుండా ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని తాటాకు నీడలో కూర్చుంటుంది. మబ్బు పడితే ఊళ్లో ఉన్న ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చి ఎత్తుకోవాలి. పక్కనే మగవాళ్లు వల ఒక చివర కాలి బొటనవేలికి తగిలించి, చిరిగిన కళ్లు అల్లుకుంటూ ఉంటారు. వేట లేని రోజుల్లో ఇల్లు గడిపేది ఈ ఎండు చేపే. హుమ్మ సంతకి చేరి, అక్కడి నుంచి కొండల్లోకీ పై ఊళ్లకీ వెళ్లేదీ ఇదే. ఇసుకలో ఎండిన చేపకీ, సిమెంటు కళ్లంలోనో పందిరి మీదో ఎండిన చేపకీ ధరలో తేడా కొనేవాడికీ తెలుసు, అమ్మేవాళ్లకీ తెలుసు. ఆ కళ్లం ఉన్న ఊళ్లు తక్కువ.

మధ్యాహ్నం పడవలు పైకి లాగేసి ఉన్నప్పుడు, ఎండు చేప ఎత్తేశాక, ఆ చోటుని ఒక అధికారి వచ్చి చూస్తే ఏం కనిపిస్తుంది? ఖాళీ ఇసుక. హోటలు కట్టాలనుకునేవాడికీ అదే కనిపిస్తుంది, బీచ్‌ని అందంగా తీర్చిదిద్దాలనుకునే పర్యాటక శాఖకీ అదే కనిపిస్తుంది. రైతు పొలం ఏడాదిలో సగం రోజులు బీడుగా కనిపించినా దాన్నెవరూ ఖాళీ జాగా అనరు, పట్టా ఉంటుంది కాబట్టి. మత్స్యకారుడి ఒడ్డుకి పట్టా లేదు. ఉమ్మడిది, తాతల నాటిది, నోటి మాట మీద నడిచేది. ఏ పడవ ఎక్కడ ఆగాలో, ఎవరి చేప ఎక్కడ ఎండాలో ఊరందరికీ తెలుసు, ఆ సంగతి రాసిన కాగితం మాత్రం లేదు. నా అభ్యంతరం మొత్తం ఇక్కడే ఉంది. ఈ ఊళ్లకి వచ్చిన కష్టాలు వేరువేరుగా కనిపిస్తాయి గానీ, చాలావాటి మొదలు ఒక్కటే. ఒడ్డుని పనిచోటుగా ఎవరూ లెక్కగట్టలేదు.

చట్టంలో దారి లేదని కాదు. 2011 నాటి తీర నియంత్రణ జోన్ నోటిఫికేషన్ మత్స్యకార గ్రామాలతో పాటు వాళ్ల ఉమ్మడి ఆస్తుల్నీ, జెట్టీల్నీ, ఐసు ఫ్యాక్టరీల్నీ, చేపలెండేసే చోట్లనీ పటాల్లో గుర్తించి తీరాలని చెప్పింది. అంటే ఆ ముసలమ్మ కూర్చునే జాగా కూడా పటంలో ఉండాలి. ఈ సంగతి తెలిసిన పంచాయతీ సభ్యులు ఈ తీరంలో ఎంతమంది ఉంటారు? పటం ముసాయిదా ఏ కార్యాలయంలో, ఏ భాషలో పెడతారో ఊరివాళ్లకి ఎవరు చెప్పారు?

తీరం కోత విషయానికొస్తే, దేశ తీరరేఖలో దాదాపు మూడో వంతు కోతకి గురవుతోందని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి తేల్చింది. తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మధ్యలో రాతి గోడ అడ్డం కడితే గోడకి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న ఒడ్డు తిండి లేక చిక్కిపోతుంది. గోపాలపూర్ పోర్టుకి ఉత్తరాన, రుషికుల్య ముఖద్వారం దగ్గర పొడంపేట ఉండేది. ఉండేది అనే రాయాలి. పాత ఊళ్లో ఇళ్ల వరసలకి వరసలు కెరటాలకి కూలాయి, జనం ఊరు వదిలి కొత్త కాలనీకి వెళ్లారు. తప్పంతా పోర్టుదే అనను. నది ముఖం తనంతట తానూ జరుగుతుంది, తుపాన్లూ కోస్తాయి. పోర్టుకి దక్షిణాన ఎంతో దూరంలో ఉన్న రామయ్యపట్నం కూడా కోతకి గురవుతోంది కదా. కానీ 2024లో అదానీ సంస్థ కొన్న ఆ పోర్టు ఇంకా పెరుగుతుంది, గోడలూ పెరుగుతాయి. ఉత్తరపు ఊళ్లకి ఇసుక ఎలా అందిస్తారన్నది పర్యావరణ అనుమతిలో షరతుగా ఉండాలి. అది సాధ్యమే. మేట వేసిన వైపు నుంచి ఇసుక తోడి కోత పడిన వైపు పోసే పద్ధతి విశాఖలో దశాబ్దాలుగా ఉంది.

ఇల్లు పోయినవాళ్లకి ఇల్లు ఇవ్వడం మంచిదే. కానీ ఒడ్డుకి దూరంగా పక్కా ఇల్లు కట్టిస్తే ఏమవుతుందో కాస్త ఆలోచించాలి. మోటారుని రాత్రిపూట పడవ మీద వదలరు, విప్పి భుజాన మోసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. వల బరువు చెప్పక్కర్లేదు. ఇల్లు ఒడ్డునే ఉంటే అది పది అడుగుల పని, దూరమైతే రోజూ బండి కిరాయి. సముద్రం ఎలా ఉందో గుమ్మంలో నిలబడి చూసేవాడికీ, నడిచెళ్లి చూడాల్సినవాడికీ వేటలో తేడా ఉంటుంది. అన్నిటికన్నా ఆడవాళ్లకి నష్టం. పడవ ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి ఇంటి పని చేసుకుంటూనే ఒక కన్ను సముద్రం మీద వేసి ఉంచేవాళ్లు. ఇప్పుడు చీకటితోనే వెళ్లి ఒడ్డున కూర్చోవాలి, లేదంటే పాట అయిపోతుంది. ఎండేసిన చేపకి కాపలా ఎవరు? మబ్బు పడితే పరుగెత్తుకొచ్చేదెవరు? పునరావాస లెక్కలో ఇంటి చదరపు అడుగులు ఉంటాయి, ఈ పని ఉండదు.

తాబేళ్ల సంగతి చెప్పేటప్పుడు ఒక మాట ముందే చెప్పాలి. మత్స్యకారుడు తాబేలుకి శత్రువు కాడు. శ్రీకాకుళం పక్కనే శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే జనం వీళ్లు. రుషికుల్య చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే రాత్రుళ్లు కాపలా కాసి, దీపాల వైపు దారి తప్పిన తాబేలు పిల్లల్ని ఏరి సముద్రంలో వదులుతున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ ఒడ్డున ఆరున్నర లక్షలకి పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయంటే ఈ ఊళ్లకీ అందులో భాగం ఉంది. మరి వాళ్లకి దక్కిందేమిటి? నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవీ, రుషికుల్య నదుల ముఖాల దగ్గర ఇరవై కిలోమీటర్ల మేర వేట నిషేధం. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటికీ ఉన్న 61 రోజుల నిషేధం. రెండూ వర్తించే మోటారు పడవకి రుషికుల్య దగ్గర ఏడున్నర నెలలు ఆంక్షలే. తెడ్డు వేసే తెప్పలకి సడలింపు ఉంది, కానీ తెప్ప మీద బతికే రోజులు ఎప్పుడో పోయాయి. తాబేళ్ల ప్రాణం తీసేది ఎక్కువగా పెద్ద ట్రాలర్ల వలలు. ఒడిశాలో ఒడ్డు నుంచి ఐదు కిలోమీటర్ల లోపలికి ట్రాలర్ల వంటి మరబోట్లు రాకూడదు, ఆంధ్రాలో ఆ హద్దు ఎనిమిది కిలోమీటర్లు. రాత్రిపూట ఆ హద్దు దాటొచ్చే ట్రాలర్లని పట్టుకోవడం కష్టమైన పని. ఒడ్డున పడవ నెట్టేవాణ్ణి ఆపడం తేలిక. తేలికైన పనే ఎక్కువగా జరుగుతోంది.

పరిహారం దగ్గర సరిహద్దు గీత మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 61 రోజుల నిషేధానికి ఆంధ్రప్రదేశ్ 2025 నుంచి ఇరవై వేల రూపాయలు ఇస్తోంది. తాబేళ్ల నిషేధంతో నష్టపోయే కుటుంబాలకి ఒడిశా కూడా సాయం చేస్తోంది. మొత్తాలు ఎలా ఉన్నా రెండు చోట్లా లెక్క పడవ కాగితాల చుట్టూ, వేటకెళ్లే మగమనిషి చుట్టూ తిరుగుతుంది. తట్ట మోసే మనిషికి ఆ నెలల్లో అమ్మడానికి చేపే ఉండదు, ఆమె పేరు ఏ జాబితాలోనూ ఉండదు. కుర్రాళ్లు ఈ లెక్కలతో విసిగి చెన్నైకో, కేరళకో, గోవాకో బోట్లలో కూలికి వెళ్లిపోతున్నారు.

ఒడిశా సర్కారుకి చేతకాదని అనలేం. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది చనిపోయిన రాష్ట్రం, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను సరిగ్గా గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించి ప్రాణాలు కాపాడింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ తుపానులో పడవలూ వలలూ పోయి అప్పుల పాలైన ఇళ్లు చాలా ఏళ్లు తేరుకోలేదు. మనిషిని కాపాడటానికి ఉన్న పట్టుదల మనిషి పనిని కాపాడటానికి లేకపోవడం నన్ను బాధపెడుతుంది.

భాష గురించి క్లుప్తంగా. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకి వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నా తెలుగు బడులు తగ్గిపోతూ వచ్చాయి. ఒడియా నేర్చుకోవద్దని ఇక్కడ ఎవరూ అనరు, బతకాలంటే అది కావాలి. ఒకటి మాత్రం వెంటనే చెయ్యొచ్చు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్ర పరిస్థితి హెచ్చరికల్ని వేర్వేరు భాషల్లో ఇస్తోంది. గంజాం తీరానికి వెళ్లే హెచ్చరిక ఒడియాతో పాటు తెలుగు గొంతులో కూడా ఫోనుకి రావడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇక అసలు చెయ్యాల్సింది పటం పని. 2019 నాటి తీర నియంత్రణ జోన్ నోటిఫికేషన్ కింది తీర ప్రణాళికల్లో పడవలు ఆగే చోటు, వలలల్లే చోటు, చేపలెండేసే కళ్లం, గంగమ్మ గుడి, పాట పాడే చోటు ఊరువారీగా గుర్తించాలి. గీసేది ఉపగ్రహమే అయినా చూపించేది ఊరి తండేళ్లూ, తట్ట మోసే ఆడవాళ్లూ కావాలి. కొత్త కాలనీ కట్టేటప్పుడు ఇంటితో పాటు ఒడ్డున వలల గది, మోటారు భద్రపరిచే కొట్టు, ఎండేసే సిమెంటు కళ్లం ఇవ్వాలి. బీచ్ అభివృద్ధి పనికి టెండరు పిలిచే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం తప్పనిసరి చెయ్యాలి. ఆ సభ నోటీసు తెలుగులో కూడా అచ్చువేయించాలి, సభ వేట లేని రోజున, ఆడవాళ్లు బరంపురం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం పెట్టాలి.