ఎవరి బ్రాండు వాళ్ళది

2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. జనవరిలో క్యాలెండర్ గోడకు తగిలించినప్పుడు ఈ సంగతి ఎవరూ చూసుకోలేదు. ఇంటిముందు బతుకమ్మలు ఆడుతున్నప్పుడు ఎవరో గుర్తుచేసేసరికి మా కాలనీలో మగవాళ్ళ ముఖాలు వాడిపోయాయి. గాంధీ జయంతి అంటే వైన్స్ బంద్. మటన్ దుకాణాలు కూడా బంద్. తెలంగాణలో దసరా అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఆ రోజు ఇంట్లో పప్పుచారు వండారంటే, ఎవరైనా పోయారా అని పక్కింటివాళ్ళు కనుక్కోవడానికి వస్తారు.

గాంధీగారిని అనడానికేం లేదు, ఆయన పుట్టినరోజు కదలదు. తిథులే కుదురుగా ఉండవు.

సరిగ్గా ఆ దసరాకే మా అక్కా బావా డల్లాస్ నుంచి వచ్చారు. బావ ఒకప్పుడు రాంనగర్‌లో రూమ్ తీసుకుని చదువుకున్నవాడే. అప్పట్లో ఎవరు పోస్తే అది, ఏది పోస్తే అది తాగేవాడని ఆయన స్నేహితులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెరికా వెళ్ళాక మనిషి మారాడు. ఇప్పుడు లైట్ బీర్ తప్ప ముట్టడు. అది కూడా ఊరికే తాగడు, మనకు పాఠం చెప్పి తాగుతాడు.

"355 ఎం.ఎల్. క్యాను. 4.2 శాతం ఆల్కహాలు. 110 క్యాలరీలు. అంతే" అన్నాడు వచ్చిన రోజే, సోఫాలో కూర్చుని పొట్ట నిమురుకుంటూ. ఆ పొట్ట మాత్రం లైట్‌గా లేదు. అక్కడ 1975లో మిల్లర్ లైట్, 1982లో బడ్ లైట్ దేశమంతటా వచ్చాయని, మామూలు బీరులో మిగిలిపోయే పిండిపదార్థాన్ని ఎంజైములు వేసి విరగ్గొడితే ఈస్టు దాన్ని కూడా తినేస్తుందని, అందుకే క్యాలరీలు తక్కువని అరగంట చెప్పాడు. మా అమ్మ అంతా శ్రద్ధగా విని, "అయితే గంజి వార్చిన అన్నం లెక్కనా నాయనా?" అంది. బావ కాసేపు ఆలోచించి, అవునత్తమ్మా అన్నాడు.

దసరా రాత్రి మటన్‌తో పాటు చిన్న సిట్టింగ్ పెట్టుకోవాలని నిర్ణయమైంది. సరుకంతా ముందురోజే తెచ్చుకోవాలి కాబట్టి ఎవరికి ఏం కావాలో రాసుకునే పని నా మీద పడింది. నలుగురు మనుషులను, నాలుగు కోరికలను ఒక కాగితం మీద పెట్టడం కన్నా పెళ్ళి కుదర్చడం తేలిక.

మా మేనమామ ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. ఆయనకు విస్కీ క్వార్టరు. తన క్వార్టరు తానే తెచ్చుకుంటాడు, జేబులోనే పెట్టుకుంటాడు, ఎవరికీ ఇవ్వడు, ఎవరినీ అడగడు. "బీరు తాగేటోళ్ళు నీళ్ళు మోసేటోళ్ళురా" అనేది ఆయన సిద్ధాంతం.

బాబాయ్‌ది భువనగిరి దగ్గర పల్లె. ఆయనకు ఈతకల్లు కావాలి. నగరంలో కల్లు కాంపౌండ్లు ఉన్నాయి కదా అంటే, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "చెట్టెక్కినోడు దిగొచ్చి నా ముందట ముంత వంచాలె. పొద్దుగాల తియ్యగ ఉంటది, మాపటీలికి పులుస్తది. గంట గంటకు రుచి మారేదాన్ని మీరు సీసాల బంధిస్తరా?" అన్నాడు. ఆయన మాట కాదనలేం. పోనీ నెక్లెస్ రోడ్డులో పులియని, మత్తు లేని కల్లు పోసే నీరా కేఫ్ ఉంది అన్నాను. నీరా తాగి చిందేసినోడు ఎవడన్నా ఉన్నాడా చెప్పు అన్నాడు.

మా తమ్ముడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మైక్రోబ్రూవరీలు వచ్చాక వాడి నాలుక మన మాట వినడం మానేసింది. వాడికి గోధుమ బీరు కావాలట, బెల్జియం పద్ధతిలో చేసినది. వడకట్టరు, అందుకే మబ్బుగా ఉంటుంది, ధనియాలు, నారింజ తొక్క వేస్తారు అని వివరించాడు. అమ్మ వంటింట్లోంచి, "ధనియాలేసి కాచేది చారు కాదా?" అని అడిగింది. వాడు సమాధానం చెప్పకుండా ఫోన్ చూసుకున్నాడు.

నన్ను అడిగేవాడు లేడు కనుక నా పేరు పక్కన గీత పెట్టుకున్నాను. అమ్మ ఇంకేదో అనబోయింది గానీ, అప్పటికి అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఎవరూ వినలేదు.

అక్టోబరు ఒకటి సాయంత్రం మల్కాజిగిరిలో మా ఇంటి దగ్గర వైన్స్ ముందు లైను రోడ్డు దాటి మెడికల్ షాపు దాకా వచ్చింది. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలకు కొత్తగా దరఖాస్తులు తీసుకుంటున్న రోజులవి. దరఖాస్తు పెట్టుకోవడానికే 3 లక్షలు, లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా జనం ఎందుకు ఎగబడతారో ఆ లైనులో నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

బావ నేనూ వస్తానన్నాడు. వద్దని చెప్పాను. వచ్చాడు.

మా వంతు వచ్చింది. ఇనుప జాలీ అవతల కుర్రాడు తల ఎత్తకుండానే "చెప్పన్నా" అన్నాడు. వాడి ఒక చెయ్యి డబ్బు తీసుకుంటుంటే రెండో చెయ్యి సీసా ఇస్తోంది, కళ్ళు మూడో మనిషి మీద ఉన్నాయి. బావ జాలీకి ముఖం ఆనించి, అమెరికా మర్యాదతో నవ్వుతూ, "లైట్ బీర్స్‌లో ఏమేం ఉన్నాయి? క్యాలరీలు తక్కువున్నది కావాలి" అన్నాడు.

కుర్రాడు మొదటిసారి తల ఎత్తాడు. "లైట్ అయిపోయింది. స్ట్రాంగ్ ఉంది."

"ఏదైనా 4 శాతం దగ్గర ఉన్నది..."

"స్ట్రాంగ్ ఉందన్నా."

"గోధుమ బీర్?"

"స్ట్రాంగ్."

"సరే, చల్లగా ఉందా?"

"కూల్ పొద్దుగాల్నే అయిపోయింది."

బావ ఒక సీసా తీసుకుని తిప్పి, లేబుల్ మీద చిన్న అక్షరాలు వెతకడం మొదలుపెట్టాడు. 8 శాతం మించదు అని రాసి ఉంది. కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్‌లో లెక్క వేశాడు. 650 ఎం.ఎల్.లో 41 గ్రాముల ఆల్కహాలు. అంటే ఈ ఒక్క సీసా తన మూడున్నర క్యాన్లతో సమానం. "ఆల్కహాలుకే గ్రాముకు ఏడు క్యాలరీలు" అని నాకు చెబుతుండగా వెనకాల లైను నుంచి ఒక గొంతు వినిపించింది.

"అన్నా, పెళ్ళిచూపులైనయా? పిల్ల నచ్చిందా లేదా చెప్పు, మేం గూడ సూస్కోవాలె."

లైనంతా నవ్వింది. జాలీ అవతల కుర్రాడు నవ్వలేదు. వాడికి నవ్వే టైం లేదు. "లైట్ గావాల్నంటే సగం తాగి మూత పెట్టుండ్రి సార్" అని సలహా ఇచ్చి, ఆరు స్ట్రాంగ్ సీసాలు సంచిలో పడేశాడు. మన దేశంలో అమ్ముడుపోయే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే ఎందుకు అనే ప్రశ్నకు ఆ కుర్రాడికన్నా సూటిగా ఎవరూ జవాబు చెప్పలేరు. పైగా ఆ ఏడు ఫిబ్రవరిలోనే బీరు ధరలు 15 శాతం పెరిగాయి. ఇచ్చిన ప్రతి రూపాయికీ కిక్కు లెక్క చూసుకునేవాడికి క్యాలరీల లెక్క ఎందుకు?

అక్కణ్ణుంచి మటన్ లైను. దాని గురించి రాయను, రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. రెండున్నర కిలోలు దొరికింది, అది చాలు.

ఇంటికొచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. మటన్ ఫ్రీజర్‌లోకి వెళ్ళింది. సీసాలకు మాత్రం అక్క అడ్డంపడింది. కింది అరల్లో పూజకు పూలు, నైవేద్యానికి పెరుగు, పాలు ఉన్నాయి. "పూజ అయ్యేదాక గవి ఫ్రిజ్‌ల పెట్టొద్దు" అంది. డల్లాస్‌లో పన్నెండేళ్ళున్నా పండగపూట అక్క మాట అచ్చం అమ్మ మాటే. దాంతో ఆరు సీసాలూ బాల్కనీలో చెప్పుల స్టాండు మీద, పాత పేపర్లు కప్పుకుని ఆ రాత్రీ మర్నాడు పగలూ గడిపాయి.

దసరా పొద్దున పూజ అయింది, బండ్లకు బొట్లు పెట్టాం, పులిహోర, బూరెలు తిన్నాం. సాయంత్రం ఐదింటికి జమ్మిపూజకు బయల్దేరుతుంటే బావకు సీసాలు గుర్తొచ్చాయి. ముట్టుకుంటే టీ గ్లాసులా వెచ్చగా ఉన్నాయి. "ఫ్రీజర్‌లో ముప్పావుగంట చాలు, వచ్చేసరికి రెడీగా ఉంటాయి" అన్నాడు. మటన్ కవరును ఒక పక్కకు జరిపి ఆరింటినీ అడ్డంగా పేర్చి, తలుపు మోకాలితో నెట్టి మూశాడు. మామ తన క్వార్టరున్న జేబు మీద చెయ్యి పెట్టుకుని అంతా చూశాడు. ఇటివ్వు మామా, అది కూడా పెడతా అంటే, "దీనికి చలి అక్కర్లే" అన్నాడు.

జమ్మి ముప్పావుగంటలోనే అయిపోయింది. కానీ కాలనీవాళ్ళు ఈసారి రావణుణ్ణి కూడా పెట్టారు. అంటించాల్సిన పెద్దమనిషి రాలేదు. ఏడయింది, రాలేదు. వస్తున్నారు, దారిలో ఉన్నారు అని మైకులో చెబుతూనే ఉన్నారు. ఎనిమిదయింది. పది తలలతో రావణుడు నిలబడే ఉన్నాడు, ఆ మైదానంలో తొందర లేనిది ఆయనకొక్కడికే. మధ్యలో వెళ్ళిపోదామంటే పిల్లలు ఏడుపు. బావ గడియారం చూసుకుంటూ, "ఎనభై నిమిషాలు... నూట యాభై..." అని గొణుగుతున్నాడు. ఏం లెక్కపెడుతున్నాడో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పెద్దమనిషి వచ్చి, ప్రసంగించి, బాణం వేసి, బాణం తగలక, చివరికి అగ్గిపుల్లతో అంటించేసరికి తొమ్మిదికి దగ్గరపడింది.

తాళం తీసి లోపలికి రాగానే మటన్ తీద్దామని అక్క ఫ్రీజర్ తలుపు లాగింది. అది రాలేదు. గట్టిగా లాగితే పటుక్కుమని వచ్చింది. లోపల తెల్లటి నురగ గడ్డకట్టి ఉంది. నీళ్ళు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. బీరులో తొంభై శాతం పైన నీళ్ళే, సీసాకు ఉబ్బే గుణం లేదు. ఆరింటిలో నాలుగు నిలువునా పగిలాయి, మిగతా రెండు మూతలు ఎగరగొట్టుకుని లోపలున్నదంతా కక్కేశాయి. అక్క మటన్ కవరును మంచులోంచి పెకలించి లైటు కిందికి తెచ్చింది. కవరు చిరిగి ఉంది. ముక్కల మధ్య గోధుమరంగు గాజు పెంకులు మెరుస్తున్నాయి.

"కడిగితే..." అన్నాడు తమ్ముడు.

అక్క వాడి వైపు చూసింది. వాడు ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.

నగరం మొత్తంలో ఆ రాత్రి మటన్ కొందామంటే లేదు, బీరు కొందామంటే లేదు. బావ ఎవరి ముఖమూ చూడకుండా తుడుపుగుడ్డ తెచ్చుకుని ఫ్రీజర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంటింట్లోంచి కుక్కర్ విజిల్ వినిపించింది. కందిపప్పు.

అప్పుడు అందరి కళ్ళూ మెల్లగా మామ జేబు మీదికి మళ్ళాయి.

మామ చాలాసేపు గోడ చూశాడు, ఫ్యాను చూశాడు. ముప్పై ఏళ్ళు బస్సులో చిల్లరకోసం అడిగే కళ్ళను తప్పించుకున్న మనిషి, ఇంట్లోవాళ్ళను తప్పించుకోలేకపోయాడు. నిట్టూర్చి సీసా బయటపెట్టాడు. "కొలత గావాలె" అన్నాడు. మా వాడి దగ్గుమందు సీసా మీది 10 ఎం.ఎల్. మూత కడిగి ఇచ్చాం. మనిషికి మూడు మూతలు. కండక్టరు చెయ్యి కదా, ఒక్క చుక్క బయట పడలేదు. మూత అంచున నిలిచినదాన్ని కూడా వేలితో గ్లాసులోకి తట్టాడు.

బావ ఫోన్ తీశాడు. 42.8 శాతం, 30 ఎం.ఎల్., పది గ్రాములు. ముఖం వెలిగింది. "నా లైట్ క్యాన్ కన్నా తక్కువే! క్యాలరీలు డెబ్బయ్యే!" అన్నాడు. ఎవరూ అభినందించలేదు. బాబాయ్ గ్లాసు ఎత్తి, "ఇది కల్లు కాదని ముందే చెప్తున్న" అని గడగడా తాగేశాడు. తమ్ముడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే మామ వాడి మోచెయ్యి పైకి తోశాడు.

ఐదుగురికి పోశాక సీసాలో ఇంకో మూడు మూతలు మిగిలింది. అది తనదే అన్నట్టు మామ మూత బిగిస్తున్నాడు. అమ్మ వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పండగపూట నాన్న ఫోటో ముందు పెట్టకుండా మేం తాగితే ఎట్లా? ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. మామ మాట్లాడకుండా మిగిలినదంతా ఒంపాడు. అమ్మ గ్లాసు ఎత్తి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఇది విస్కీ గదరా. మీ బావ జన్మల ముట్టలే. ఆయనకు రమ్ము గావాలె. మొన్న రాసుకునేటప్పుడు చెప్తుంటే ఎవరన్నా ఇన్నరా?"

మామ ఫోటో వైపు తిరిగి చేతులు జోడించాడు. "బావా, ఇయ్యాల డ్రై డే. జర సర్దుకో."