సింగపూర్ నుంచి గంటన్నరలో గన్నవరం వచ్చేస్తారంట

మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఈ వారంలో మూడోసారి అదే మెసేజ్. "విజయవాడ నుంచి సింగపూర్ 1,900 కిలోమీటర్లే. పోయేటప్పుడు ఆరున్నర గంటలు, వచ్చేటప్పుడు గంటన్నర. భూమి తిరగడం వల్ల మన ఊరే విమానానికి ఎదురొస్తుంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ చేతిలో మొయ్యక్కర్లేదు, సూట్‌కేసులో పెట్టేయండి." కింద పది దండాలు.

1,900 అనేవి మైళ్ళు రా నాయనా. కిలోమీటర్లలో 3,050 దాకా ఉంటుంది. ఎవడో మైళ్ళు తీసేసి కి.మీ. అని కొట్టాడు, అంతే.

గంటన్నర ఎక్కణ్ణించి వచ్చిందంటే, టికెట్ మీద టైములు చూసి తీసివేత చేశాడు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఎటైనా 4 గంటలు ఎగురుతుందనుకోండి, ఇక్కడ పొద్దున 10కి ఎక్కితే అక్కడ సాయంత్రం 4:30, అక్కడ 10కి ఎక్కితే ఇక్కడ 11:30. నడుం నొప్పి మాత్రం రెండుసార్లూ ఒకటే.

ఇక భూమి ఎదురు రావడం. మన దగ్గర నేల గంటకి 1,600 కి.మీ. చొప్పున తూర్పుకి తిరుగుతోంది, విమానం పోయేదేమో 850. ఈయన చెప్పిందే నిజమైతే సింగపూర్‌కని ఎక్కినోళ్ళు వెనక్కి వెనక్కి పోయి 4 గంటల తర్వాత ఆఫ్రికా వైపు ఎక్కడో తేలాలి, వీసా ఎవరిస్తారో మరి. తెనాలిలో పినాకిని ఎక్కిన ఈగ బోగీలో ఎగురుకుంటూనే ఒంగోలు పోతుంది, వెనక గోడకి కొట్టుకుని చావదు, బోగీలో గాలి కూడా బోగీతోనే పోతుంది కదా. భూమితోపాటే తిరిగే గాలి, అందులో ఎగిరే విమానం కూడా అంతే.

నవ్వుకుని వదిలేసేవాణ్ణే, ఆ ఇన్సులిన్ ముక్క లేకపోతే. మా బ్రాడీపేట పెద్దమ్మ పోయిన నెల సింగపూర్‌లో కొడుకు దగ్గర్నుంచి వస్తూ అచ్చం అలాగే చేసింది, ఇన్సులిన్ పెన్నులు చీర మడతల్లో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టేసింది. మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుకి పోవాలి, ఎగిరేది నాలుగు గంటలు, దిగాక లైను, పెట్టె కోసం ఎదురుచూపు. మధ్యలో ఇచ్చిన అన్నం, స్వీటు రెండూ తినేసింది, ఎంతసేపు గంటన్నరేగా అని. ఇంకా రాలేదేంటమ్మా అని ఎయిర్ హోస్టెస్‌ని రెండుసార్లు అడిగిందంట పాపం. గన్నవరంలో బయటికొచ్చి ట్రాలీ మీదే కూలబడి "కళ్ళు మసగ్గా ఉన్నాయిరా, మంచినీళ్ళివ్వు" అంది, బాటిల్ మొత్తం తాగేసి ఇంకోటి అడిగింది. ఇంటికొచ్చి చూస్తే షుగర్ 380. పైగా కింద సామాన్ల అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు, ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు, పెట్టె దారి తప్పిందంటే ఇక అదీ లేదు. డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి, పచ్చళ్ళు పెట్టెలో పెట్టుకోండి, ఎవరూ వద్దనరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఢిల్లీ నుంచి టోక్యో పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు నిజంగానే గంటన్నర, రెండు గంటలు తేడా వస్తుంది, చలికాలంలో మరీను, పైన పడమట నుంచి తూర్పుకి ఉరికే జెట్ గాలుల వల్ల. ఆ గాలులు అటు మళ్ళడంలో భూమి తిరగడానికీ పాత్ర ఉంది, కాబట్టి మెసేజ్ రాసినాయన భూమిని ఊరికే ఇరికించాడని అనలేను. కాకపోతే ఆ రూట్లో ఎక్కువసేపు పట్టేది తిరిగొచ్చేవాళ్ళకే, ఈయన చెప్పినదానికి సరిగ్గా ఉల్టా.