‘ఈ వయసులో ఇదంతా అవసరమా?’ గారికి

మహారాజశ్రీ ‘ఈ వయసులో ఇదంతా అవసరమా’ గారికి,

విశాఖపట్నం నుంచి 48 ఏళ్ల ఆడమనిషి ఒకతె రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు లెండి. మీకు బీపీ లేదు, షుగర్ లేదు, రిటైర్మెంట్ అసలే లేదు. పెళ్లి భోజనాల పంక్తిలో, రైతుబజారు క్యూలో, చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎక్కడ చూసినా మీరే. మా ఉత్తరాంధ్రకి వచ్చేసరికి యాస కూడా పట్టేస్తారు: “ఈ వయసులో నీకిది అవసరమేటమ్మా?”

ఒక శుభవార్త చెప్దామని ఈ ఉత్తరం. మా నేస్తం నర్సయింది. గుర్తుపట్టారు కదూ, కంచరపాలెంలో ఉంటుంది. మూడేళ్ల పాటు రోజూ వాళ్లింటికి వెళ్లి కూర్చున్నారు, కాఫీలు కూడా తాగారు. కప్పు ఎవరు కడిగారో మాత్రం చూసి ఉండరు.

అసలు దానికి సూదీ మందూ కొత్త కాదు. 20 ఏళ్లకే ఏఎన్ఎం, అదే పల్లెల్లో తిరిగే నర్సమ్మ కోర్సు, పాసై, రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఓ పల్లెలో ఏడాది పని చేసింది. ఇంటింటికీ తిరిగి పిల్లలకి టీకాలు వేసింది, కడుపుతో ఉన్నవాళ్లకి ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఆ తర్వాత పెళ్లి, విశాఖ, ఇద్దరు పిల్లలు. సర్టిఫికెట్ పోయి ట్రంకుపెట్టెలో పెళ్లిచీర కింద పడుకుంది. అప్పుడు మీరేమీ అనలేదు. 21 ఏళ్లకి ఉద్యోగం మానేయడం ఏ వయసుకైనా తగిన పనే కదా.

తర్వాత వాళ్ల అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆరేళ్లు మంచంలోనే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ముక్కులో గొట్టం ఉన్నన్నాళ్లూ తల ఎత్తుగా పెట్టి జావ పోయాలి, మూత్రం సంచి ఖాళీ చేయాలి, రాత్రి రెండింటికి లేచి దుప్పటి మార్చాలి. ఆరేళ్లలో ఆ ముసలావిడ వీపు మీద ఒక్క పుండు లేవలేదు. జీతం లేదు, వారానికో సెలవు లేదు, నైట్ డ్యూటీ మాత్రం రోజూ ఉంది. మీరు ఆ గుమ్మం తొక్కితే ఒట్టు! మీ బదులు మీ అక్కగారు ‘కోడలంటే ఇలా ఉండాలి’ వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, అరటిపళ్లు పెట్టి వెళ్లేది.

అత్తగారు పోయిన ఏడాదికి మా నేస్తం ట్రంకుపెట్టె తెరిచింది. జీఎన్ఎం, అంటే ఆసుపత్రిలో పూర్తి నర్సయ్యే కోర్సు, చదువుతానంది. అప్పటికి దానికి 44.

అంతే, మీరు దిగిపోయారు.

ముందు అందరూ రూల్సు వెతికారు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో జీఎన్ఎంలో చేరడానికి 17 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి. ఆ 35 గీత మీరే దగ్గరుండి గీయించారని నా అనుమానం. కానీ దాని పక్కనే ఇంకో ముక్క ఉంది: ఏఎన్ఎం చేసినవాళ్లకి వయసు పట్టింపు లేదు. మీ కంట పడకుండా అన్నాళ్లు ఆ ముక్క ఎలా బతికిందో! కౌన్సిల్ ఒప్పుకుంది, కాలేజీ ఒప్పుకుంది, మొగుడు కూడా రెండు రోజులు పేపర్లో తల దాచుకుని మూడో రోజు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మీరొక్కరే.

మీ మాట ఎక్కువ సార్లు వినిపించింది వాళ్ల పెద్దాడపడుచు నోట. ఆవిడకి 61. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, తడిసిన రోడ్డు మీద. దారి పొడుగునా జనం మజ్జిగ ఇస్తారు, పులిహోర ఇస్తారు, దణ్ణం పెడతారు. ఈ వయసులో అవసరమా అని ఒక్కరూ అనరు. అప్పన్న ముందు మీకు నోరు పెగలదని అర్థమైంది, మంచిదే. ఆ యేడు పాదాలు బొబ్బలెక్కి ఇంటికొస్తే, సెలైన్ నీళ్లతో కడిగి, మందు రాసి, గాజుగుడ్డ చుట్టింది మాత్రం ‘ఈ వయసులో’ మొదటి సంవత్సరం చదువుతున్న మా నేస్తమే. కట్టు కట్టించుకుంటూ కూడా ఆవిడ మిమ్మల్ని తలుచుకున్నారట. అంత అభిమానం.

కాలేజీ సంగతులు చెప్పాలి. మొదటి రోజు పక్క పరవడం నేర్పారు. 24 ఏళ్లుగా నలుగురి పక్కలు వేసిన మనిషి కదా, ధీమాగా దుప్పటి దులిపింది. మూల మడత 45 డిగ్రీల కోణంలో రాలేదని తీసి మళ్లీ వేయించారు. మూడు సార్లు. పక్కనున్న పద్దెనిమిదేళ్ల పిల్ల “ఆంటీ, ఇలా” అని చూపించింది. ఆంటీ అక్కయ్యేసరికి దసరా వచ్చింది. పరీక్షల ముందు రోజు ఆ పిల్లలంతా దీని చుట్టూ చేరి, ఏడుపులు అయ్యాక, ఇది తెచ్చిన చింతపండు పులిహోర తిని చదువుకునేవారు.

ఇంట్లో కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, తల్లి నర్సింగ్ మొదటి సంవత్సరం. ఒకటే టేబుల్, ఒకటే ఫ్యాన్. ఓ రాత్రి లెక్క వచ్చింది: అరలీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, ఆ సెట్‌లో మిల్లీలీటరుకి 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని? కొడుకు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోగా తల్లి “ఇరవై ఒకటి” అంది. పాలవాడి నెలలెక్క కన్నా ఇదే సులువు అని కూడా అంది.

దీపం వెలిగించే రోజు నేనూ వెళ్లాను. తెల్ల యూనిఫాంలో పిల్లలంతా దీపాలు పట్టుకుని వరసగా నిలబడి నైటింగేల్ ప్రతిజ్ఞ చదివారు. వెనక వరసలో మా నేస్తం, కళ్లజోడు, జడలో నాలుగు తెల్ల వెంట్రుకలు. మీకు తెలిసే ఉంటుంది, నర్సులందరికీ ఆదిగురువు లాంటి ఆ ఫ్లారెన్స్ నైటింగేల్ 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లేసరికి 34 ఏళ్లు. నర్సునవుతానంటే ముందు వద్దన్నది ఇంట్లోవాళ్లే. 1854కి ముందే ఇంగ్లండులో కూడా మీకు బ్రాంచి ఉందన్నమాట.

ఒక చోట మాత్రం మీరే నెగ్గారు, దాచను. కోర్సు పూర్తయ్యేసరికి ప్రభుత్వ ఉద్యోగానికి దాని వయసు దాటిపోయింది. 1923 నుంచి ఈ ఊరికి పెద్ద దిక్కుగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పని చేయాలని దాని ఆశ. కుదరలేదు. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. జీతం గురించి అడక్కండి, చెప్పుకునేంత లేదు. పన్నెండు గంటల నైట్‌లో కాళ్లు వాస్తాయి. వచ్చి పడుకుంటే వీధిలో కూరగాయల మైకు. ఇవన్నీ మీరు మంచి మనసుతో ముందే చెప్పి ఉంటే వినేది కూడా. మీరు కాళ్ల గురించి ఎప్పుడూ అడగలేదు, నలుగురు ఏమనుకుంటారని అడిగారు.

ఆ నలుగురి సంగతి కూడా చెప్తాను. ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేది వాళ్లే. “అమ్మా, బీపీ 160 చూపిస్తోంది, మాత్ర ఇంకోటి వేసుకోమంటావేటి?” ఇది నిద్రమత్తులోనే “వద్దు బాబాయ్, డాక్టర్ గారిని అడక్కుండా వేసుకోకండి. కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. గుండెల్లో నొప్పీ, ఆయాసమూ ఉంటే మాత్రం ఆగకండి, 108కి చేయండి” అంటుంది. ఆ ఫోన్లలో మీ పేరు ఎవరూ ఎత్తరు.

మొన్న మేం నలుగురం నేస్తాలం డబ్బులేసుకుని దానికో చేతిగడియారం కొన్నాం. సెకన్ల ముల్లు ఉన్నది, నాడి చూడ్డానికి. ఆర్కే బీచ్‌లో ముంతమసాలా తింటూ ఇచ్చాం. ఫొటో తీసుకుందామంటే వినదే! వరసగా మా చేతులు పట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలెట్టింది. నా వంతు వచ్చేసరికి కనుబొమలు ముడిచింది. “96. పరిగెత్తావేటే?” అంది. పరిగెత్తలేదు. మీకు ఉత్తరం ఎలా మొదలెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
మీ పాత పరిచయస్తురాలు

తా.క.: ఈ వారమంతా దానికి నైట్ డ్యూటీ. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పడుకుంటుంది, ఆ టైంలో తలుపు కొట్టకండి. బీపీ చూపించుకోవాలంటే ఆదివారం రండి. షుగర్ కూడా అయితే పరగడుపున.