ముఖం చూడకుండా రాక్షసుడికి మార్కులు వేయకండి

మొన్న ఆదివారం ఒక సినిమా రాక్షసుడి బొమ్మ మీద వీడియో రివ్యూ చూశాను. 22 నిమిషాలు. డబ్బా ఎన్ని అంగుళాలుంది, లోపల అదనంగా ఎన్ని చేతులు ఇచ్చారు, మోచెయ్యి ఎంత వంగుతుంది, స్టాండ్ ఉందా లేదా, అన్నీ ఓపిగ్గా చెప్పి చివర్లో పదికి ఎనిమిదిన్నర వేశాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి 'స్కల్ప్ట్ (అంటే చెక్కుడు) బాగుంది గైస్' అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అదే బొమ్మ నా దగ్గరా ఉంది. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్నాను. దాని గురించి చెప్పుకోవాల్సిందంతా ఆ ముఖంలోనే ఉంది, దాన్ని వదిలేసి మోచేతుల లెక్క చెబితే ఎలా?

బొమ్మ ఏదంటే, 1954లో యూనివర్సల్ వాళ్ళు తీసిన 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' సినిమాలో రాక్షసుడు. అందరూ గిల్ మ్యాన్ అంటారు. సగం మనిషి, సగం చేప. అమెజాన్ అడవిలో ఒక మడుగులో వాడి మానాన వాడు ఉంటాడు. శాస్త్రవేత్తలు పడవేసుకుని వచ్చి, నీళ్ళలో మందు కలిపి, ఈటెల తుపాకులు పట్టుకుని వెంటపడతారు, వాడు తిరగబడతాడు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో రాత్రి ఒంటిగంటకు లాప్‌టాప్‌లో చూశాను. భయం వేసింది, దానికంటే ఎక్కువగా జాలి వేసింది. ఆ రెండూ ఒకేసారి ఎలా కలిగాయో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చాలాసార్లు చూస్తే తెలిసింది, అదంతా నోటి దగ్గర ఉంది. పెదాలు లావుగా, కొద్దిగా తెరుచుకుని ఉంటాయి. మార్కెట్లో తట్టలో పడేసిన కొరమీను గాలి కోసం నోరు తెరిచి మూస్తుంటుంది చూడండి, అచ్చం ఆ నోరు. దాని పక్కనే మొప్పలు, పొర మీద పొర. మనల్ని చంపడానికి వచ్చేవాడు ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు కూడా కనిపిస్తాడు.

ఆ ముఖానికి రూపం గీసింది మిలిసెంట్ పాట్రిక్ అనే ఆవిడ. అంతకుముందు డిస్నీలో యానిమేషన్ విభాగంలో పనిచేసింది. సినిమా టైటిల్స్‌లో మాత్రం మేకప్ విభాగానికి పెద్ద అయిన బడ్ వెస్ట్‌మోర్ పేరే పడింది. సినిమా ప్రచారం కోసం 'మృగాన్ని సృష్టించిన సుందరి' అనే పేరుతో ఆవిణ్ణి ఊళ్ళు తిప్పాలనుకున్నారు, ఆ పేరు ఆయనకు నచ్చలేదు, దాంతో 'మృగంతో బతుకుతున్న సుందరి' అని మార్చేశారు. ఒక్క మాట మార్చి ఆవిడ పని మొత్తం చేతిలోంచి లాగేసుకున్నారు. టూర్ ముగించుకుని తిరిగొస్తే ఆ విభాగంలో ఆవిడకు పని లేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఈ రాక్షసుడి బొమ్మ ఏది కనిపించినా ముందు ఒకటే చూస్తాను, ఆవిడ గీసిన ముఖం ఇందులో మిగిలిందా లేదా. మార్కులు వేయడమంటే నా దృష్టిలో అక్కడ మొదలవ్వాలి.

ఇక నా బొమ్మ సంగతి. ఏడంగుళాల స్కేల్. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నాకు 5,400 పడింది. నాలాగా జీతం మీద బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు, మూడు నెలలు ఆగి కొన్నాను. డబ్బా విప్పగానే మొదట మొప్పలు చూశాను. లోతుగా చెక్కారు, గాడుల్లోకి ముదురు రంగు దిగింది, అంచుల మీద లేత రంగు తుడిచినట్టు వేశారు. నోరు ఇంకా బాగుంది. లోపల ఎర్రగా, కాస్త తడి మెరుపు, ఆ మెరుపు పెదాల అంచుకి వచ్చేసరికి ఆగిపోయింది. ఒళ్ళంతా వార్నిష్ కొట్టినట్టు మెరిపించే బొమ్మలు చాలా చూశాను, నీళ్ళలోంచి వచ్చాడు కదా అని మెరిపిస్తారు, అవి చూస్తే ప్లాస్టిక్ బకెట్ గుర్తొస్తుంది. ఇక్కడ ఆ పొరపాటు చేయలేదు. వేళ్ళ మధ్య పొర కూడా పల్చగా ఉంది, ట్యూబ్‌లైట్ కింద పెడితే అటువైపు వెలుతురు కొద్దిగా కనిపిస్తుంది.

తర్వాత కళ్ళు చూశాను. కుడి కన్ను బాగానే ఉంది. ఎడమ కంటి పాప పైకి జరిగింది. ఎంతో కాదు, వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ. కానీ ఈ సైజు బొమ్మలో కన్ను పెసరగింజ అంత కూడా ఉండదు, అందులో వెంట్రుక మందం అంటే చూపే మారిపోతుంది. వాడు నన్ను చూడ్డం లేదు. నా తల మీదుగా ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. అమ్మినవాళ్ళకు ఫొటోలు తీసి పంపితే 'ఇది ఫ్యాక్టరీలో వచ్చే మామూలు తేడా, డ్యామేజ్ కిందకు రాదు, రిటర్న్ కుదరదు' అన్నారు. చెయ్యి విరిగితే డ్యామేజ్ అట, చూపు విరిగితే కాదట. ఇలా అనే ధైర్యం వాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందంటే, కొనేవాళ్ళెవరూ కళ్ళ గురించి అడగరు కాబట్టి. రివ్యూ చేసేవాళ్ళు కూడా జాయింట్లే లెక్కపెడతారు కాబట్టి.

రంగు గురించి ఒక మాట. 'ఒరిజినల్ ఇంత ఆకుపచ్చగా లేడు' అని కొట్టుకునేవాళ్ళు ఉన్నారు. అయ్యా, సినిమా బ్లాక్ అండ్ వైట్. పైగా నేల మీద వేషం వేసింది ఒకరు, బెన్ చాప్‌మన్. నీళ్ళలో ఈదింది ఇంకొకరు, రికూ బ్రౌనింగ్. నీళ్ళ అడుగున చీకట్లో కనపడాలని ఆ వేషానికి పసుపు రంగు వేశారు. అసలు వాడే రెండు రకాలుగా ఉంటే మీ 'ఒరిజినల్ ఆకుపచ్చ' ఏది? చూడాల్సింది వెలుగు నీడలు, లోతు. వాటిలో ఈ బొమ్మకు నేను వంక పెట్టను. ఆ చాప్‌మన్ రోజుకు 14 గంటలు ఆ తొడుగులో ఉండేవాడు, కూర్చోవడానికి కూడా వీల్లేదు, వేడి తట్టుకోలేక స్టూడియో చెరువులో దిగి నిలబడేవాడు. మే నెల ఎండలో గంగమ్మ జాతరకు ఒళ్ళంతా రంగులు పూసుకుని వేషం కట్టి, వీధి వీధీ తిరిగేవాళ్ళని చూసిన తిరుపతి వాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఎండ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, మన ఊళ్ళో ఉండి ఇలాంటి బొమ్మలు కొనేవాళ్ళు జాగ్రత్త. ఇవి పీవీసీ అనే ప్లాస్టిక్, వేడికి మెత్తబడతాయి. కొరియర్ వచ్చిందని తీసుకుని మధ్యాహ్నం కారులో వదిలేసి ఆఫీసుకు పోతే సాయంత్రానికి చీలమండలు వంగిపోయి బొమ్మ ముందుకు తూలుతుంది. నా స్నేహితుడికి జరిగింది. ఇంకోటి, కొత్త బొమ్మకు జాయింట్లు రంగుతో అతుక్కుపోయి వస్తాయి. నా దానికి కుడి మోకాలు కదల్లేదు. బలంగా తిప్పితే లోపలి పిన్ను పుటుక్కున విరుగుతుంది, అక్కడితో అయిపోయినట్టే. స్టీలు గిన్నెలో నీళ్ళు వేడిచేసి, మరిగేదాకా ఆగకుండా దించి, మోకాలు మునిగేలా ఒక నిమిషం పట్టుకున్నాను. బయటికి తీసి రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ అంటుంటే ముందు ఏమీ లేదు, తర్వాత అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు, ఆ తర్వాత మోకాలు హాయిగా కదిలింది. గుండె ఆగినంత పనైంది. వెంటనే చన్నీళ్ళలో పెట్టాను, మళ్ళీ గట్టిపడాలి కదా. ఆ మోకాలు వంచితే మాత్రం పొలుసుల వరస తెగిపోయి మధ్యలో గుండ్రటి బిళ్ళ కనపడుతుంది. అందుకే నేను వంచను. జాయింట్లు ఎక్కువైన కొద్దీ ఒంటి మీద అతుకులు ఎక్కువవుతాయి, అది ఏ రివ్యూలోనూ చెప్పరు.

మన తిరుపతి మారపాచి బొమ్మల జంట ఉంది కదా, ఎర్రచందనంతో చేసేది, మా అమ్మ పెళ్ళికి ఇచ్చింది ఇప్పటికీ ప్రతి దసరాకి కొలువులో ముందు మెట్టు మీద కూర్చుంటుంది. దానికి ఒక్క జాయింటూ లేదు. చేతులు ఒంటికి అతుక్కునే ఉంటాయి. అయినా ఆ రెండింటినీ చూస్తే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు నిలబడ్డట్టే ఉంటుంది.

నకిలీల జోలికి మాత్రం పోకండి. సగం ధరకు వస్తోందని రెండేళ్ళ క్రితం ఒకటి కొన్నాను. డబ్బా తెరవగానే పెట్రోలు లాంటి ఘాటు వాసన, డబ్బా మీద అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, పొలుసులు సబ్బు అరిగినట్టు అరిగిపోయాయి. అచ్చు బొమ్మ మీద అచ్చు తీస్తే మొదట పోయేది ముఖమే. దానికి నోరు మూసుకుపోయింది. ఊపిరి కోసం తెరుచుకున్న ఆ చిన్న సందు లేదు. అంటే ఆవిడ గీసిందంతా పోయినట్టే కదా. ఎవరికీ ఇవ్వాలనిపించక పడేశాను.

ఇక అసలు విషయానికి వస్తా. పోయిన నెల మా పెదనాన్న కళ్ళ ఆపరేషన్ కోసం తిరుపతి వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. వాళ్ళది పలమనేరు దగ్గర పల్లె. మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం ఆడతారు తెలుసు కదా, పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో దుర్యోధన వధ. దానికి నేల మీద వెల్లకిలా పడుకున్నట్టు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడి వేషగాడు వచ్చి తొడ పగలగొట్టేదాకా ఊరంతా ఆ బొమ్మ చుట్టూ నిలబడుతుంది. ఆ మట్టి పని మా పెదనాన్న ఇరవై ఏళ్ళకు పైగా చేశాడు. చిన్నప్పుడు ఒకసారి ఆయన కళ్ళు దిద్దుతుంటే పక్కన నిలబడ్డాను. మిగతా ఒళ్ళంతా నలుగురు కలిసి చేసేవాళ్ళు, కళ్ళు మాత్రం ఆయనొక్కడే, అదీ చిట్టచివర.

ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పిన మర్నాడు అల్మరా ముందు నిలబడి చాలాసేపు చూశాడు. బొమ్మను నేను పై అరలో పెట్టాను, అన్నిటికంటే ఖరీదైనది కాబట్టి.

"ఏమిరా ఇది, చేప మాదిరి ఉండాది?"

కథ చెప్పాను. మడుగు, పడవ, సినిమాలో హీరోయిన్ నీళ్ళ మీద వెల్లకిలా ఈదుతుంటే వాడు అడుగున ఆమెకు తెలియకుండా సరిగ్గా అలాగే ఈదడం, అంతా. ఆయన విని, బొమ్మ చేతిలోకి తీసుకుని, నోటి మీద బొటనవేలు పెట్టి తడిమాడు. "నోరు చేసినోడు పనోడే" అన్నాడు. తర్వాత కళ్ళ దగ్గర ఆగాడు. నేనే ముందుగా చెప్పేశాను, ఎడమ కన్ను తప్పొచ్చింది పెదనాన్నా, వాపస్ తీసుకోం అన్నారు అని.

"అది తప్పే. మన కాడ అయితే చెరిపి మళ్ళీ దిద్దుతాం. కానీ నువ్వు వీణ్ణి యాడ పెట్టినావు? కింద నుంచి పైకి చూసేవోడు కదరా వీడు. పై అరలో నిలబెడితే వాడి చూపు యాడికి పోతాది, మిద్దెకే పోతాది. మా దుర్యోధనుడు నేల మీద పడుకోనుంటాడు, జనం పైన నిలబడి చూస్తారు. అందుకే నేను పాప పైకే పెడతా. కాళ్ళ కాడ నిలబడినోడికి కూడా తగలాల."

ఆయనే వంగలేక వంగి బొమ్మను కింది అరలో పెట్టాడు. నేను ఎదురుగా నిలబడి తల వంచి చూశాను. నిజం చెబుతున్నా, ఒక్క క్షణం వెన్ను జలదరించింది. హాస్టల్లో రాత్రి ఒంటిగంటకు చూసినప్పటి భయమే, ఆ జాలి కూడా. నాలుగు నెలల్లో మొదటిసారి వాడు నన్ను చూశాడు. కుడి కన్ను ఇప్పుడు కొద్దిగా కిందికి పోతోంది, అది వేరే సంగతి. ఫ్యాక్టరీ చేసిన తప్పు తప్పే, దాన్ని మామూలు తేడా అన్న అమ్మకందారుదీ తప్పే, దాంట్లో నేను వెనక్కి తగ్గను. కానీ ఆ బొమ్మను ఎక్కడ నుంచి చూడాలో నాకు కూడా తెలియలేదు, డబ్బా విప్పకుండా బీరువాలో దాచుకునేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. ధర పెరుగుతుందని సీలు తీయకుండా ఉంచుతాం అంటారు. సరే, మీ డబ్బు మీ ఇష్టం. ప్లాస్టిక్ కిటికీ వెనక, తీగలతో కట్టేసి, అటక మీద చీకట్లో ఉన్న ముఖానికి 'మింట్ కండిషన్', అంటే కొత్తది కొత్తగానే ఉంది, అని పేరు పెట్టి పదికి పది వేసుకోవడం మాత్రం నాకు ఎక్కదు. ఆ ముఖాన్ని మీరు చూసిందెప్పుడు?

నన్ను మార్కులు అడిగినవాళ్ళకి: చెక్కడానికి నూటికి నూరు. ఒంటి మీద రంగుకు కూడా దాదాపు అంతే. కళ్ళకు ఫెయిల్. జాయింట్లకు ఎంతో కొంత వేసుకోండి, నాకు పట్టింపు లేదు.

ఇది కొనాలనుకునేవాళ్ళు అమ్మేవాళ్ళని డబ్బా ఫొటోలు అడక్కండి. ముఖం దగ్గరగా తీసి పంపమనండి, రెండు కళ్ళూ కనపడేలా, ఒకటి ఎదురుగా, ఒకటి పైనుంచి. పంపకపోతే కొనొద్దు. పంపితే ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతా. అనుమానం వస్తే పలమనేరుకి ఫోన్ చేసి అడుగుతా.